సైకెడెలిక్ షాపు ముంగిళ్ళు, అరవైల హై ఫ్యాషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్లో 1966 నుంచి 1968 దాకా, మహా అయితే మూడేళ్ళు, కొన్ని బట్టల షాపుల ముందు గోడలు పిచ్చి పిచ్చి రంగులతో నిండిపోయాయి. మత్తులో కనిపించే లోకంలా గాఢమైన రంగులు, మెలికల గీతలు ఉండే ఆ స్టైల్‌నే సైకెడెలిక్ అంటారు. ఆ గోడలకీ ఆ టైమ్‌లో పెద్ద డిజైనర్లు చేసిన బట్టలకీ సంబంధం ఉందా అని అడిగేవాళ్ళు చాలామంది, ఫ్యాషన్ కోర్సు చదివే పిల్లలైతే మరీనూ. పదే పదే వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, కావాల్సింది చూసుకుని వెళ్ళిపోవచ్చు, కానీ పారిస్ గురించిన ప్రశ్న మాత్రం వదలొద్దు, గొడవంతా అక్కడే ఉంది.

షాపు ముందు బొమ్మ అంటే సైన్‌బోర్డే కదా, ఇందులో కొత్తేముంది?

సైన్‌బోర్డు అయితే షాపు పేరు చెప్తుంది, లోపల ఏం దొరుకుతుందో చెప్తుంది. వీటిలో కొన్ని ఆ రెండూ చెప్పేవి కావు. షాపు ముందు భాగం మొత్తాన్నీ ఒక్క కాన్వాసులా వాడేసి, ఒక్కోసారి షోకేస్ అద్దాన్ని కూడా బొమ్మ కిందే మూసేసేవాళ్ళు. లోపల చొక్కాలున్నాయో చెప్పులున్నాయో రోడ్డు మీద పోయేవాడికి అంతుపట్టదు, తెలుసుకోవాలంటే లోపలికి దూరాల్సిందే.

అదివరకు బట్టల వ్యాపారం అంతా షోకేస్ మీదే నడిచేది, బొమ్మకి డ్రస్ తొడిగి పక్కన రేటు చీటీ పెట్టి. మేరీ క్వాంట్ 1955లో చెల్సీలోని కింగ్స్ రోడ్‌లో బజార్ అనే షాపు తెరిచినప్పుడు ఆ షోకేస్‌లోనే బొమ్మల్ని చిత్రవిచిత్రంగా నిలబెట్టి జనాన్ని ఆపింది. పదేళ్ళ తర్వాత అదే రోడ్డుకి వచ్చిన కుర్రాళ్ళు అసలు షోకేస్ ఎందుకు అన్నారు.

ఎవరు మొదలుపెట్టారు?

ఒక్కరి పేరే చెప్పమంటే గ్రానీ టేక్స్ ఎ ట్రిప్ అనే షాపు పేరు చెప్తాను. అడ్రస్ 488 కింగ్స్ రోడ్, వరల్డ్స్ ఎండ్ అనే ఏరియా. కింగ్స్ రోడ్‌లో పెద్ద షాపులన్నీ స్లోన్ స్క్వేర్ వైపు ఉంటే ఇది అటు చివర, అప్పట్లో ఎవరూ పట్టించుకోని వైపు. 1966 మొదట్లో నైజెల్ వేమౌత్, షీలా కోహెన్, జాన్ పియర్స్ అనే ముగ్గురు కలిసి తెరిచారు. షీలాకి పాత బట్టలు, అంటే విక్టోరియన్ కాలం నాటివి, పోగేసే అలవాటు, షాపులో మొదటి సరుకు అదే. పియర్స్ శావిల్ రో (లండన్లో సూట్లు కుట్టడానికి పేరున్న వీధి) తరహా కుట్టు నేర్చుకున్న టైలర్. వేమౌత్ బొమ్మలు వేస్తాడు. ఈ మూడు పనులూ ఒకే షాపులో కలిశాయి చూడండి, ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొదట్లో గోడ మీద అమెరికన్ ఆదివాసీ నాయకుల ముఖాలు వేశారు, ఒకసారి లో డాగ్, ఇంకోసారి కికింగ్ బేర్, ఎంత పెద్దవంటే ముఖమే షాపు, ముఖంలోంచే లోపలికి వెళ్ళాలి. 1967లో ఆ ముఖం పోయి 1930ల హాలీవుడ్ తార జీన్ హార్లో ముఖం వచ్చింది, పాప్ ఆర్ట్ స్టైల్లో, అంటే సినిమా తారలు, ప్రకటనల లాంటి బొమ్మల్నే కళగా చేసే స్టైల్లో. ఆ తర్వాత బొమ్మలు కూడా బోర్ కొట్టాయేమో, 1940ల నాటి డాడ్జ్ కారుని కోసి ముందు భాగాన్ని షాపుకి బిగించారు, షాపులోంచి కారు అద్దం పగలగొట్టుకుని ఫుట్‌పాత్ మీదకి దూసుకొస్తున్నట్టు ఉండేది.

పేరేంటి అలా?

బామ్మ బట్టలు, ఎల్ఎస్‌డి అనే మత్తుమందు ఎక్కించే ట్రిప్పు. అంతే.

అన్నిసార్లు గోడ మార్చడం దేనికి? ఖర్చు కదా?

ఖర్చు పెద్దగా లేదు, వేసేవాళ్ళు సొంత మనుషులే. ఇక ఎందుకంటే, సినిమా హాలు ముందు ప్రతి శుక్రవారం కటౌట్ మారినట్టు అన్నమాట, పాత కటౌటే ఉంటే కొత్త బొమ్మ ఆడట్లేదనుకుని జనం అటే పోతారు. ఫ్యాషన్ అంటేనే మార్పు కదా, కాకపోతే పారిస్‌లో కలెక్షన్లు ఏడాదికి రెండుసార్లు పద్ధతిగా వస్తాయి, ఇక్కడ మాత్రం ఓనర్‌కి తిక్క పుట్టినప్పుడల్లా గోడ మారుతుంది, లోపల సరుకూ మారుతుంది. నాకడిగితే హై ఫ్యాషన్ మీద ఈ షాపులు వేసిన అసలు ముద్ర ఈ స్పీడే, రంగులు ఆ తర్వాత.

ఆ వంకర అక్షరాలు, తీగల్లాంటి గీతలు... ఈ స్టైల్ వీళ్ళే కనిపెట్టారా?

అబ్బే. లండన్లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఉంది కదా, దాన్ని వీ అండ్ ఏ అంటారు. అక్కడ 1963లో అల్ఫాన్స్ మూషా పోస్టర్ల ఎగ్జిబిషన్ పెట్టారు, 1966లో ఆబ్రీ బియర్డ్స్‌లీ బొమ్మల ఎగ్జిబిషన్ పెట్టారు. ఇద్దరూ 1890ల వాళ్ళు, ఆర్ట్ నూవో అంటామే ఆ కాలం. మూషా బొమ్మల్లో ఆడవాళ్ళ జుట్టు పొగలాగా మెలికలు తిరుగుతూ బోర్డరంతా అల్లుకుపోతుంది, బియర్డ్స్‌లీ బొమ్మల్లో పలచని నల్ల గీత ఒకటి ఎక్కడో మొదలై ఎక్కడో తేలుతుంది. లండన్ ఆర్ట్ స్కూళ్ళ పిల్లలు ఈ రెండు ఎగ్జిబిషన్లకీ ఎగబడ్డారు, ఆ గీతకి ఎర్రగులాబీ, నారింజ, ఊదా రంగులు దట్టించారు, సైకెడెలిక్ స్టైల్లో సగం ఇదే. మిగతా సగంలో కామిక్స్ ఉన్నాయి, హాలీవుడ్ ఫోటోలున్నాయి, మన దేవుళ్ళ క్యాలెండర్ల లాంటి బొమ్మలూ ఉన్నాయి.

బీబా అనే షాపు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బార్బరా హులానికీ పెట్టిన షాపు అది, దాని నలుపు బంగారు లోగో ఆంటొనీ లిటిల్ గీసింది, పక్కా ఆర్ట్ నూవో. దాన్ని సైకెడెలిక్ అని లెక్కేయలేం గానీ, మూలం మాత్రం ఒకటే.

డ్రగ్స్ తీసుకుని వేసిన బొమ్మలేనా ఇవి?

కొందరు తీసుకున్నారు, అదేం రహస్యం కాదు. కానీ రెండు మూడు నిలువుల ఎత్తున ఒక ముఖాన్ని కొలత తప్పకుండా వేయాలంటే నిచ్చెన మీద మనిషి స్పృహలోనే ఉండాలి.

గోడ మీద బొమ్మ బట్ట మీదకి ఎలా దిగింది?

ఇది అసలు ప్రశ్న. చాలామంది ఏమనుకుంటారంటే, ఎవరో డిజైనర్ కారులో వెళ్తూ గోడ చూశాడు, ఇంటికొచ్చి అదే ప్రింట్ గీశాడు అని. అలా జరిగిందని చూపించే ఉదాహరణలు వెతికితే చేతికి చిక్కవు. జరిగింది వేరే రకంగా, మూడు దారుల్లో.

ఒకటి, చేతులు ఒకటే. వేమౌత్ షాపు గోడ వేస్తాడు, అదే వేమౌత్ మైకేల్ ఇంగ్లిష్ అనే ఇంకో ఆర్టిస్టుతో కలిసి హాప్‌షాష్ అండ్ ద కలర్డ్ కోట్ అనే పేరుతో యూఎఫ్ఓ అనే లండన్ మ్యూజిక్ క్లబ్బుకి పోస్టర్లు వేస్తాడు, మళ్ళీ అదే షాపులో పియర్స్ కోట్లు కుడతాడు. గోడ, పోస్టరు, కోటు మూడూ ఒకే టేబుల్ దగ్గర మాట్లాడుకుని చేసినవి. గ్రానీ వాళ్ళు మగవాళ్ళ జాకెట్లు కుట్టడానికి విలియమ్ మోరిస్ కంపెనీ వాళ్ళ కర్టెన్ గుడ్డలు, సోఫా గుడ్డలు వాడారు, పెద్ద పెద్ద పూలూ ఆకులూ ఉన్నవి. మోరిస్ 19వ శతాబ్దం మనిషి, ఆ గుడ్డలు మర్యాదస్తుల డ్రాయింగ్ రూముల్లో వేలాడేవి. వాటిని ఒంటికి బిగుతుగా ఉండే జాకెట్‌గా కట్ చేసి కుట్టేసరికి మనిషే గోడలా కనిపించాడు. ఆ షాపు ద్వారం దగ్గర ఆస్కార్ వైల్డ్ మాట ఒకటి ఉండేది, మనిషి తానే ఒక కళాఖండంగా ఉండాలి లేదా కళాఖండాన్ని తొడుక్కోవాలి అని. దాన్ని అక్షరాలా పాటించారన్నమాట.

రెండు, స్క్రీన్ ప్రింటింగ్. పోస్టరు వేసేదీ స్క్రీన్ మీదే, బట్ట ప్రింట్ చేసేదీ స్క్రీన్ మీదే, ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్. హాప్‌షాష్ వాళ్ళు బంగారు, వెండి ఇంకులు వాడారు, ఒకే స్క్రీన్ మీద రెండు మూడు రంగులు పక్కపక్కన పోసి లాగితే ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయి ఇంద్రధనుస్సులా దిగుతుంది, ఆ పని కూడా చేశారు. టెక్స్‌టైల్ చదివిన పిల్లలకి ఇది చూడగానే అర్థమైపోతుంది, ఎందుకంటే వాళ్ళ కాలేజీ వర్క్‌షాపులో ఉన్నదీ అదే బల్ల. కాకపోతే చిక్కొకటుంది. గోడకి రిపీట్ ఉండదు, బొమ్మ ఒక్కసారి వేస్తే అయిపోయింది. గజాల లెక్కన అమ్మే బట్టకి రిపీట్ ఉండాలి, అదే పువ్వు మళ్ళీ మళ్ళీ రావాలి, లేకపోతే మిల్లు ఒప్పుకోదు. గోడ మీద ఉన్న ఆ ఒక్క పెద్ద బొమ్మ ఫీలింగ్ బట్టకి రావాలంటే, డ్రస్ ఏ షేపులో ఉంటుందో ముందే అనుకుని, ఛాతీ దగ్గర ఇది, అంచు దగ్గర అది అని ప్రింట్‌ని ఒంటికి తగ్గట్టు పెట్టాలి. ఖరీదైన పని, గుడ్డ కూడా చాలా వేస్ట్ అవుతుంది, అందుకే అది మామూలు షాపుల్లో కాకుండా హై ఫ్యాషన్‌లోనే నిలబడింది. దీని గురించి జాండ్రా రోడ్స్ దగ్గర మళ్ళీ చెప్తాను.

మూడు, కెమెరా. సండే టైమ్స్ పేపర్ 1962లో కలర్ సప్లిమెంట్ మొదలుపెట్టింది, అబ్జర్వర్ 1964లో. ఆదివారం పొద్దున ఇంటింటికీ కలర్ ఫోటోలు వెళ్ళడం మొదలైంది. ఫోటోగ్రాఫర్‌కి మోడల్‌ని నిలబెట్టడానికి బ్యాక్‌గ్రౌండ్ కావాలి, రంగుల గోడ ఫ్రీగా దొరుకుతోంది, ఇంకేం. 1966 ఏప్రిల్ 15న అమెరికన్ పత్రిక టైమ్ లండన్ మీద కవర్ స్టోరీ వేశాక విదేశీ కెమెరాలు కూడా దిగిపోయాయి. అలా ఎక్కడో వరల్డ్స్ ఎండ్ గోడ న్యూయార్క్, పారిస్ ఎడిటర్ల టేబుల్ మీదకి వెళ్ళింది, గోడ ముందున్న బట్టతో పాటే.

గ్రానీ ఒక్కటేనా? ఇంకేం షాపులున్నాయి?

చాలానే ఉన్నాయి గానీ ముఖ్యమైనవి చెప్తా. 161 కింగ్స్ రోడ్‌లో డాండీ ఫ్యాషన్స్, 1966లో వచ్చింది, గిన్నెస్ కుటుంబానికి చెందిన టారా బ్రౌన్ పెట్టుబడి పెట్టాడు, ఆ ఏడాది డిసెంబర్లోనే కారు యాక్సిడెంట్లో పోయాడు పాపం. దాని ముందు భాగానికి రంగులు వేసింది బైండర్, ఎడ్వర్డ్స్ అండ్ వాన్ అనే ముగ్గురు, డగ్లస్ బైండర్, డడ్లీ ఎడ్వర్డ్స్, డేవిడ్ వాన్. వీళ్ళు మొదట పాత బీరువాలకీ సొరుగుల బల్లలకీ గాఢమైన రంగులు వేసి అమ్మేవాళ్ళు, తర్వాత కార్లు (టారా బ్రౌన్ ఏసీ కోబ్రా కారు కూడా వీళ్ళ పనే), బీటిల్స్ బ్యాండులోని పాల్ మెకార్ట్నీ పియానో, 1967లో కార్నబీ స్ట్రీట్‌లోని లార్డ్ జాన్ షాపు గోడ. వీళ్ళ స్టైల్ గ్రానీ వాళ్ళలా మెలికల గీతలు కాదు, గట్టి గట్టి చారలు, విల్లులు, నక్షత్రాలు, పెయింట్ ఎక్కడా పలచబడదు. నాకైతే వీళ్ళ పనే ఎక్కువ నచ్చుతుంది, గ్రానీ పోస్టర్లంత పేరు రాలేదు గానీ.

హంగ్ ఆన్ యూ అని మైకేల్ రైనీ షాపు ఇంకోటి, మొదట చెల్సీ గ్రీన్ దగ్గర ఉండేది, 1967లో 430 కింగ్స్ రోడ్‌కి మారింది. ఈ 430 నంబర్ గుర్తుపెట్టుకోండి.

ఆపిల్ బొటీక్ గోడ గురించి చెప్పండి. బీటిల్స్‌దేనా?

అవును, బీటిల్స్ డబ్బుతో పెట్టిందే. 94 బేకర్ స్ట్రీట్, మూల మీద ఉన్న పెద్ద బిల్డింగ్. ద ఫూల్ అనే గ్రూపుకి అప్పజెప్పారు, సైమన్ పోస్టుమా, మరైకె కోగర్, యోషె లీగర్ అనే ముగ్గురు డచ్చి వాళ్ళు, బ్యారీ ఫించ్ అనే ఒక ఇంగ్లిష్ అతను. 1967 జూన్ 25న ప్రపంచమంతా శాటిలైట్‌లో ప్రసారమైన అవర్ వరల్డ్ ప్రోగ్రాంలో బీటిల్స్ వేసుకున్న బట్టలు వీళ్ళు డిజైన్ చేసినవే, కాబట్టి పేరు అప్పటికే మోగిపోతోంది.

నవంబర్లో ఆర్ట్ స్టూడెంట్లని కూడగట్టుకుని బిల్డింగ్ పక్క గోడంతా పైదాకా ఒక మాయాపురుషుడి బొమ్మ వేశారు, చుట్టూ ఇంద్రధనుస్సు రంగులు, నక్షత్రాలు. డిసెంబర్ 7న షాపు తెరిచారు. వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ పర్మిషన్ ఇవ్వలేదు, చుట్టుపక్కల వ్యాపారస్తులు కంప్లైంట్లు పెట్టారు, చివరికి 1968 వేసవి రాకముందే గోడ మొత్తానికి తెల్ల పెయింట్ కొట్టి ఆపిల్ అని పేరు మాత్రం మిగిల్చారు. జూలై ఆఖరికి షాపే మూసేశారు, మిగిలిన సరుకంతా జనాన్ని వచ్చి ఉచితంగా పట్టుకుపొమ్మన్నారు, పోలీసులు వచ్చి లైను పెట్టించాల్సి వచ్చింది. నష్టం దాదాపు 2 లక్షల పౌండ్లు అని చెప్తారు.

ఫ్యాషన్ పరంగా చూస్తే, షాపు ఫెయిల్ అయినా ఫూల్ వాళ్ళ బట్టల్లో ఒక తెలివి ఉంది. వెల్వెట్, శాటిన్, జరీ గుడ్డ అన్నీ ముక్కలు ముక్కలుగా కలిపి, గోడ మీద వేసిన రంగుల బ్లాకులనే గుడ్డ ముక్కలతో కట్టారు, రిపీట్ గొడవే లేదు. కష్టమేంటంటే అలాంటివి వందల్లో కుట్టి లాభానికి అమ్మడం ఎవరి తరమూ కాదు. ఇది నిజానికి కూటూర్ పని, అంటే ఒక్కొక్కరి కొలతలకి విడిగా కుట్టే ఖరీదైన పని, దాన్ని రెడీమేడ్ షాపులో పెట్టారు, మునగక ఏమవుతుంది.

హై ఫ్యాషన్ అంటే పారిస్ కదా. పారిస్ వాళ్ళు ఈ గోడల్ని కాపీ కొట్టారా?

కొట్టలేదు, నేను నమ్మను. ఇంటర్నెట్‌లో చాలా చోట్ల ఒక లైన్లో రాసేస్తారు, లండన్ గోడలు పారిస్ డిజైనర్లని ప్రభావితం చేశాయి అని, ఏ డ్రస్, ఏ కలెక్షన్ అంటే మాత్రం చెప్పరు. తేదీలు చూడండి. పారిస్ డిజైనర్ ఈవ్ సాన్ లొరాన్ చేసిన మాండ్రియన్ డ్రస్సులు 1965లోనే వచ్చాయి, గ్రానీ ఇంకా తెరవనే లేదు, పైగా అవి మాండ్రియన్ అనే చిత్రకారుడి పెయింటింగ్‌లోంచి నేరుగా తీసుకున్న చారలూ డబ్బాలూ, మెలిక ఒక్కటి లేదు. 1966లో పాప్ ఆర్ట్ కలెక్షన్ చేశాడు, అదీ గ్యాలరీల్లో ఉన్న కళ నుంచే. కూరేజ్, పాకో రబాన్, కార్డాన్ అనే మిగతా పారిస్ డిజైనర్లది అంతరిక్షం పిచ్చి, తెలుపు, వెండి, ప్లాస్టిక్, లోహం.

మరి పారిస్ ఏం నేర్చుకుంది అంటే, షాపు ఎలా ఉండాలో నేర్చుకుంది. 1966 సెప్టెంబర్ 26న సాన్ లొరాన్ రివ్ గోష్ అనే రెడీమేడ్ బొటీక్ తెరిచాడు, 21 రూ ద తూర్నాన్, సెయిన్ నదికి ఎడమ వైపు, అంటే పెద్ద ఫ్యాషన్ హౌసులు ఉన్న వైపు కాకుండా స్టూడెంట్లు తిరిగే వైపు. అదివరకు కూటూర్ అంటే ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, సోఫాలో కూర్చోవాలి, మోడల్ వచ్చి తిరిగి చూపిస్తుంది, కొలతలు తీసుకుంటారు, మూడు నాలుగు ఫిట్టింగులు. ఇక్కడ ఎవరైనా తలుపు తోసుకుని రావచ్చు, హ్యాంగర్ మీంచి తీసుకుని వేసుకుని చూసుకోవచ్చు. ఇది కింగ్స్ రోడ్ పద్ధతి. పారిస్‌లో అంతకుముందే చిన్న బొటీక్‌లు లేవని కాదు, ఉన్నాయి, కానీ అంత పేరున్న కూటూరియర్ రెడీమేడ్‌నే ప్రధానంగా పెట్టుకుని సొంత లోకంలా ఒక షాపు కట్టడం కొత్త. 1969లో అదే రివ్ గోష్ లండన్లో న్యూ బాండ్ స్ట్రీట్‌కి వచ్చింది.

కాబట్టి నా లెక్క ఇది: గోడలు పారిస్‌కి ప్రింట్లు ఇవ్వలేదు, ఫ్యాషన్ ఎవరు మొదలుపెట్టాలి అన్న హక్కుని మాత్రం లాగేసుకున్నాయి. పైన డిజైనర్ అనుకుంటే రెండేళ్ళకి కింద వీధిలోకి దిగే పద్ధతి తిరగబడి వీధిలోంచి పైకి పోవడం మొదలైంది. దాన్ని గోడలు ఒక్కటే చేశాయనను, మ్యూజిక్ చేసింది, కుర్రాళ్ళ చేతిలో జీతం డబ్బులు చేశాయి. కానీ అలా జరుగుతోందని రోడ్డు మీద నిలబడి అరిచి చెప్పింది మాత్రం గోడే.

ఎమీలియో పూచీ ప్రింట్లు చూస్తే అచ్చం సైకెడెలిక్ కదా?

చూడ్డానికి అంతే. కానీ ఆయన ఫ్లోరెన్స్ మనిషి, 1950ల నుంచే ఆ దారిలో ఉన్నాడు, 1957లో సియెనా ఊళ్ళో జరిగే పాలియో గుర్రప్పందేల జెండాల మీద ఒక కలెక్షన్ చేశాడు. 1965లో బ్రానిఫ్ అనే అమెరికన్ విమాన కంపెనీ ఎయిర్‌హోస్టెస్‌లకి యూనిఫాంలు చేశాడు. లండన్ గోడలకన్నా ఆయనే ముందు. గోడలు వచ్చాక జనం కళ్ళు వాటికి అలవాటు పడి పూచీ బట్టల్ని కూడా అదే బుట్టలో వేశారు, ఆయన అమ్మకాలకి మంచిదే అయ్యుంటుంది.

ఆప్ ఆర్ట్, సైకెడెలిక్ ఒకటేనా?

కాదు, తరచూ కలిపేస్తారు. ఆప్ ఆర్ట్ ఎక్కువగా నలుపు తెలుపు, లెక్క ప్రకారం గీసిన గీతలు, కళ్ళు తిరుగుతాయి. ఆ స్టైల్లో వేసే చిత్రకారిణి బ్రిజెట్ రైలీ పేరు వినే ఉంటారు. 1965లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ద రెస్పాన్సివ్ ఐ ఎగ్జిబిషన్‌కి ఆమె వెళ్ళేసరికి ఆమె పెయింటింగ్‌తో డ్రస్ గుడ్డ ప్రింట్ చేయించేశారు, లారీ ఆల్డ్రిచ్ అనే బట్టల తయారీదారు, ఆమె బొమ్మ కొనుక్కున్నాయన. మాడిసన్ అవెన్యూ షోకేసుల నిండా ఆమె గీతల నకళ్ళే. ఆమెకి ఒళ్ళు మండింది, కోర్టుకి పోదామంటే అప్పటి అమెరికా చట్టంలో దారి లేకపోయింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే తేడా చూడండి, అక్కడ కళని కళాకారిణి చేతిలోంచి లాక్కుని బట్ట చేశారు, ఇక్కడ లండన్ షాపుల్లో బొమ్మ వేసినవాడే బట్ట అమ్ముకున్నాడు. కొట్టుకోడానికి ఎవరూ లేరు.

అయితే హై ఫ్యాషన్‌లో నిజంగా ఈ దారిలో వచ్చినవాళ్ళు ఎవరు?

ముగ్గురిని చూడమంటాను.

జాండ్రా రోడ్స్. రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో టెక్స్‌టైల్ చదివి 1964లో బయటికొచ్చింది, ఆమె ప్రింట్లు మరీ గాఢంగా ఉన్నాయని బట్టల కంపెనీలు భయపడితే సిల్వియా ఐటన్ అనే డిజైనర్‌తో కలిసి ఫుల్హమ్ రోడ్‌లో సొంతంగా షాపు పెట్టేసింది. 1969లో సొంత కలెక్షన్ చేసింది, అమెరికా పట్టుకుపోయి చూపిస్తే వోగ్ ఎడిటర్ డయానా వ్రీలాండ్ నచ్చి పత్రికలో వేసింది. ఆమె పద్ధతి ఏంటంటే ముందు ప్రింట్ గీస్తుంది, ఆ ప్రింట్ అంచు ఎక్కడ వంకర తిరిగితే కత్తెర కూడా అక్కడే తిరుగుతుంది. పెద్ద గుండ్రటి బొమ్మ ఉంటే డ్రస్సే గుండ్రంగా వస్తుంది. పైన చెప్పిన రిపీట్ చిక్కుకి ఇంతకన్నా మంచి జవాబు నాకు కనపడలేదు.

థియా పోర్టర్. జెరూసలేంలో పుట్టి డమాస్కస్‌లో పెరిగింది, 1966లో సోహోలో 8 గ్రీక్ స్ట్రీట్‌లో షాపు తెరిచింది, మొదట అరబ్ దేశాల తివాచీలు, దిండ్లు, గుడ్డలు అమ్మడానికి. పాత కఫ్తాన్‌లు కూడా పెడితే పాప్ స్టార్లు వాటి మీద పడ్డారు, దాంతో తనే డిజైన్ చేయడం మొదలుపెట్టింది, ఖరీదు బాగా ఎక్కువ, వోగ్‌లో వచ్చేవి. గోడకి పెయింట్ కొట్టకపోయినా షాపునే ఒక వేరే లోకంలా చేయాలన్న ఐడియా అదే.

ఆసీ క్లార్క్, సీలియా బర్ట్‌వెల్ జంట. ఆమె ప్రింట్ గీస్తే ఆయన కట్ చేసేవాడు, క్వోరమ్ అనే చెల్సీ షాపులో అమ్మేవాళ్ళు. ఆమె పూలల్లో ఆ రంగుల అరుపు ఉండదు, చాలా మెత్తగా ఉంటాయి, కానీ పాత కాలం బొమ్మల్ని ఒంటి మీదకి తెచ్చే ధైర్యం ఆ వీధి ఇచ్చిందే.

ఇవన్నీ ఆడవాళ్ళ బట్టలేనా?

ఇక్కడే అందరూ పొరబడతారు. గ్రానీలో ఆడా మగా ఇద్దరికీ దొరికేవి, డాండీ, హంగ్ ఆన్ యూ, లార్డ్ జాన్ మాత్రం ముఖ్యంగా మగవాళ్ళ షాపులు. అంతకు పదేళ్ళ ముందు ఇంగ్లిష్ మగవాడు అంటే బూడిద రంగు సూటు, తెల్ల చొక్కా. వీళ్ళొచ్చి ఊదా వెల్వెట్, లేసు కఫ్‌లు, పూల జాకెట్లు తొడిగించారు, బీటిల్స్, రోలింగ్ స్టోన్స్, జిమీ హెండ్రిక్స్ లాంటివాళ్ళు అవి వేసుకుని ఫోటోలు దిగారు. గోడకి అన్ని రంగులు ఎందుకంటే, లోపలికొచ్చే మగాడికి సిగ్గు పోవాలి, వీధంతా చూస్తుండగా ఆ తలుపులోంచి లోపలికి వెళ్ళినవాడికి ఇక పూల జాకెట్ ఓ లెక్కా.

అమెరికాలో ఇలాంటివి లేవా?

ఉన్నాయి. శాన్ ఫ్రాన్సిస్కో హైట్ స్ట్రీట్‌లో సైకెడెలిక్ షాప్ 1966 జనవరి 3నే తెరిచారు, గ్రానీ కన్నా ముందే, కాకపోతే అది ప్రధానంగా పుస్తకాలు, అగరొత్తులు, పోస్టర్లు అమ్మే చోటు. అక్కడి బలం గోడ కన్నా పోస్టర్, విక్టర్ మాస్కోసో లాంటివాళ్ళు ఎదురెదురు రంగుల్ని పక్కపక్కన పెట్టి కళ్ళు అదిరేలా చేశారు. న్యూయార్క్‌లో పారఫర్నేలియా 1965లో వచ్చింది, బెట్సీ జాన్సన్ బట్టలు అక్కడే, కానీ ఆ షాపు తెల్లగా నున్నగా ఉండేది. హై ఫ్యాషన్ వరకు వస్తే లండన్ అంత కథ లేదు, వదిలేద్దాం.

ఎందుకు అంత త్వరగా ఆగిపోయింది?

అందరూ చేసేశారు కాబట్టి. కార్నబీ స్ట్రీట్‌కి టూరిస్టు బస్సులు వచ్చి చౌక టీషర్టుల మీద కూడా అదే మెలికల అక్షరం వచ్చాక మొదట వేసినవాళ్ళకి మొహం మొత్తింది. కౌన్సిళ్ళ గొడవ ఒకటి, అద్దెలు ఒకటి. గ్రానీని 1969లో ఫ్రెడీ హార్నిక్‌కి ఇచ్చేశారు, తర్వాత న్యూయార్క్, లాస్ ఏంజలిస్ బ్రాంచీలు పెట్టి రాక్ స్టార్లకి మెరుపుల సూట్లు అమ్మారు, అది ఇంకో కథ.

మనకి, అంటే తెలుగు వాళ్ళకి, దీంతో ఏమైనా లింక్ ఉందా?

హిప్పీలు ఇండియా పిచ్చిలో కుర్తాలు, పూసలు వేసుకున్నారు, అది అందరికీ తెలిసిందే. నాకు ఆసక్తిగా అనిపించే లింక్ వేరే, కొంచెం చుట్టు తిరిగి వస్తుంది. గ్రానీ వాళ్ళు మోరిస్ పూల గుడ్డలతో జాకెట్లు కుట్టారని చెప్పాను కదా. ఇంగ్లండులో ఇంటి గుడ్డల మీద పెద్ద తీగలూ పూలూ వేసే అలవాటు వెనక కోరమాండల్ తీరం నుంచి వెళ్ళిన కలంకారీ గుడ్డలు ఉన్నాయి, అందులో మన బందరు సరుకు చాలా ఉంది. ఈస్టిండియా కంపెనీ బందరులో 1611లోనే దిగింది. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం, ఉతికినా పోని రంగులు, అక్కడ ఎంతగా ఎగబడ్డారంటే వాళ్ళ ఉన్ని, పట్టు నేతగాళ్ళు గోల పెట్టి 1721లో రంగుల నూలు గుడ్డల వాడకాన్నే చట్టం చేసి ఆపించారు. మోరిస్ స్వయంగా లండన్ మ్యూజియంలో ఉన్న ఇండియా గుడ్డలు చూసి నేర్చుకున్నవాడు, రసాయన రంగులు వద్దని నీలిమందుతో, చెక్క అచ్చులతో అద్దకం మళ్ళీ మొదలుపెట్టాడు. ఇప్పటికీ పెడనలో చెక్క అచ్చుల అద్దకం నడుస్తోంది. కింగ్స్ రోడ్ కుర్రాళ్ళకి బందరు పేరు తెలుసని నేననడం లేదు, వాళ్ళు వేసుకున్న పువ్వు వెనక్కి వెళ్తే ఎక్కడిదాకా వెళ్తుందో చెప్తున్నా అంతే.

ఆ గోడలు ఇప్పుడు చూడొచ్చా?

గోడలు లేవు. బేకర్ స్ట్రీట్ బిల్డింగ్‌ని 1974లో కూల్చి మళ్ళీ కట్టారు. గ్రానీ ముందున్న ముఖాలు ఫోటోల్లోనే. బట్టలు, పోస్టర్లు అయితే వీ అండ్ ఏ మ్యూజియం కలెక్షన్‌లో ఉన్నాయి, వాళ్ళ వెబ్‌సైట్‌లో గ్రానీ టేక్స్ ఎ ట్రిప్ అని వెతికితే జాకెట్లు దగ్గర్నుంచి తీసిన ఫోటోలతో కనిపిస్తాయి, పూల డిజైన్ కుట్టు దగ్గర కలిసిందో లేదో చూడండి, టైలర్ పనితనం అక్కడ తెలుస్తుంది.

లండన్ వెళ్ళేవాళ్ళుంటే 430 కింగ్స్ రోడ్‌కి వెళ్ళండి. హంగ్ ఆన్ యూ పోయాక అక్కడ మిస్టర్ ఫ్రీడమ్ వచ్చింది, 1971లో మాల్కమ్ మెక్‌లారెన్, వివియన్ వెస్ట్‌వుడ్ లెట్ ఇట్ రాక్ పెట్టారు, పేర్లు మారుస్తూ మారుస్తూ పంక్ బట్టలన్నీ అక్కణ్ణుంచే దింపారు, 1980 నుంచి వరల్డ్స్ ఎండ్ పేరుతో నడుస్తోంది. ముందు పెద్ద గడియారం ఒకటి ఉంటుంది, ముళ్ళు వెనక్కి తిరుగుతుంటాయి, లోపల నేల వాలుగా ఉంటుంది, చెప్పులు చూసుకుని నడవండి.